ట్రిస్టన్ డా కున్హా దీవిలో పనిపాటలు
పొలము, సముద్రము, ఉద్యోగము – మూడింటిని ముడివేసికొన్న ఒక చిన్న ఊరు

ఒక ఊరివారు ఏ పని చేసి బ్రతుకుచున్నారు అని తెలిసికొన్నంత మాత్రమున ఆ ఊరి సంగతి పూర్తిగా తెలియదు. ఆ పనులను వారు తమలో తాము ఎట్లు పంచుకొన్నారు, ఒక పని చెడినప్పుడు ఏ పని ఆదుకొనుచున్నది, అందరికీ చెందిన బీడును, నీటిని ఎవరు కాపాడుచున్నారు అనునది కూడ తెలియవలెను. ఈ విషయమును చక్కగా బోధపరచు ఊరొకటి దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రము నడుమ కలదు. అచటి జనులు రైతులు, పశుపాలకులు, బెస్తలు, ఉద్యోగులు కూడను. ఒకే మనిషి ఒకే వారములో ఈ నాలుగు పనులును చేయును. వారి పద్ధతి ఎట్లు ఏర్పడినదో, ఎన్ని దెబ్బలకు తట్టుకొన్నదో, నేడు దానికి వచ్చిన చిక్కు ఏమిటో ఈ పాఠములో చూతము.

దీవి ఎక్కడ ఉన్నది?

ట్రిస్టన్ డా కున్హా బ్రిటిషు పాలనలోని దీవి. జనులు నివసించు మరియొక చోటికి పోవలెనన్న ఉత్తరమున సెయింట్ హెలీనా దీవి సుమారు 2,400 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ సుమారు 2,800 కిలోమీటర్లు. విమానాశ్రయము లేదు. కేప్ టౌన్ నుండి ఓడలో వచ్చుటకు సుమారు ఒక వారము పట్టును. అట్టి ఓడలు ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే వచ్చును. ఓడ వచ్చినను సముద్రము పొంగియున్నచో సరకు దించుటకు రోజుల తరబడి వేచియుండవలెను.

దీవి అంతయు ఒక అగ్నిపర్వతము. విస్తీర్ణము సుమారు 98 చదరపు కిలోమీటర్లు, శిఖరము ఎత్తు రెండు వేల మీటర్లకు పైబడి యుండును. కొండ చాలవరకు నిట్రముగా సముద్రములోనికి దిగును. వాయవ్యమున ఒక్క సన్నని మైదానము మాత్రమే సాగుకును, నివాసమునకును అనువైనది. ఊరు, మేత బీడు, పొలములు అన్నియు అక్కడనే. ఊరి పేరు ఎడింబరో ఆఫ్ ది సెవెన్ సీస్. జనసంఖ్య 250కి లోపు.

మొదటి ఒప్పందము

1816లో బ్రిటిషు ప్రభుత్వము ఈ దీవిలో ఒక దండును నిలిపెను. మరుసటి ఏడాదియే దానిని తీసివేసెను. ఆ దండులోని విలియం గ్లాస్ అను స్కాట్లండు దేశస్థుడు మాత్రము భార్యాబిడ్డలతో అక్కడనే నిలిచిపోయెను. మరి ఇద్దరు ఆయనతో కూడిరి. 1817 నవంబరులో వారు ఒక ఒప్పందము వ్రాసికొనిరి. పశువులు, సామగ్రి అందరికీ సమానముగా చెందును. వచ్చిన లాభము సమానముగా పంచుకొనవలెను. ఒకరు మరియొకరిపై పెత్తనము చేయరాదు అనునవి అందలి ముఖ్య నియమములు.

తరువాత ఓడలు పగిలి ఒడ్డుకు చేరినవారు, తిమింగలముల వేటగాండ్రు కొందరు అక్కడ స్థిరపడిరి. 1827లో సెయింట్ హెలీనా నుండి ఐదుగురు స్త్రీలు వచ్చిరి. ఆ కుటుంబముల సంతానమే నేటి దీవివాసులలో అధికభాగము. తొలి ఒప్పందములోని ఉమ్మడి ఆస్తి క్రమముగా మారి, ఇల్లు, పశువు, పొలమున పండిన పంట ఎవరివి వారివయ్యెను. కాని భూమి మాత్రము నేటికిని అందరిదే. బయటివారు అచట భూమి కొనుటకు వీలులేదు. అనుమతి లేక స్థిరపడుటకును వీలులేదు.

ఓడలు తగ్గిన కాలము

మొదటి ఏబది యేండ్లు దీవివారికి బేరము బాగుగనే సాగెను. అటు పోవు ఓడలు మంచినీటి కొరకు, తాజా మాంసము కొరకు, బంగాళాదుంపల కొరకు ఆగెడివి. బదులుగా పిండి, గుడ్డ, పనిముట్లు ఇచ్చెడివి. తరువాత తిమింగలముల వేట తగ్గెను. తెరచాప ఓడల స్థానమున ఆవిరి ఓడలు వచ్చెను. 1869లో సూయజు కాలువ తెరువబడుటతో తూర్పుదేశములకు పోవు ఓడలు దారి మార్చుకొనెను. బేరగాడు రాక సంత మూతపడినట్లయ్యెను.

అంతటితో ఆగలేదు. 1882లో ఒక ఓడ ఒడ్డున పడినప్పుడు అందలి ఎలుకలు దీవిలోనికి ప్రవేశించెను. అవి పంటకు శత్రువులై నేటికిని విడువలేదు. 1885 నవంబరులో, దారిన పోవు ఓడతో సరకు మార్చుకొనుటకు పడవలో వెళ్ళిన 15 మంది పురుషులు తిరిగి రాలేదు. ఊరిలో పనిచేయగల మగవారిలో పెద్దభాగము ఒక్క రోజున పోయిరి. మిగిలిన స్త్రీలు, వృద్ధులు, పిల్లలు ఒకరి పొలము పని ఒకరు చేసికొని ఊరిని నిలిపిరి. కొందరు దీవిని విడిచి వెళ్ళిరి గాని ఊరు ఖాళీ కాలేదు. ఒకరికొకరు సాయపడుట అచట మర్యాద కొరకు పుట్టినది కాదు. అది లేనిచో ఆకలి తప్పని స్థితిలో పుట్టినది.

బంగాళాదుంప పొలములు

ఊరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరమున దుంప పొలములున్నవి. అవి చిన్న చిన్న మళ్ళు. చుట్టును అగ్నిపర్వతపు నల్లరాళ్ళతో గోడలు పేర్చబడియుండును. ఆ గోడలు పశువులను ఆపును. అంతకంటె ముఖ్యముగా ఉప్పుగాలిని ఆపును. ఎడతెగని గాలి వీచు చోట గోడలేని మడిలో ఆకు మాడిపోవును.

దీవి దక్షిణార్ధగోళములో ఉన్నందున మనకు చలికాలమైనప్పుడు అక్కడ వేసవి. వారి చలికాలము ముగియు వేళ దుంప నాటుదురు, వేసవిలో త్రవ్వుదురు. నాగలి తిరుగుటకు చాలని మళ్ళగుటచే పార, చేయి ముఖ్యసాధనములు. నేల తేలికైనది, ఏటేట అదే పంట వేయుటచే ఎరువు లేనిదే పండదు. పూర్వము గొర్రెల ఎరువు, సముద్రపు నాచు వాడెడివారు. పొరుగున నున్న నైటింగేల్ దీవికి పడవలలో వెళ్ళి సముద్రపక్షుల రెట్టను మూటలు కట్టి తెచ్చెడివారు. ఆ పడవలు కర్రచట్రమునకు కాన్వాసు గుడ్డ తొడిగి వారే కట్టుకొన్నవి.

నాటుటకు, త్రవ్వుటకు బంధువులు, మిత్రులు కలిసి ఒకరి మడి తరువాత ఒకరి మడిలో దిగుదురు. మన పల్లెలలో నాట్ల సమయమున ఒకరికొకరు బదులు పనిచేసికొను ఆచారమువంటిదే ఇది. కూలి లెక్క ఉండదు. సాయము లెక్క మాత్రము మనసులో ఉండును. ఇల్లు కప్పు వేయునాడును ఇట్లే ఊరంతయు కదలివచ్చును. ఇంటివారు భోజనము పెట్టుదురు. ఏటేట ఒక రోజును ఎలుకల వేటకు కేటాయించి, జట్లుగా విడిపోయి, కుక్కలను తీసికొని పోయి, ఎన్ని తోకలు తెచ్చినచో అంత గొప్పగా పందెము వేసికొందురు. సస్యరక్షణను పండుగగా మార్చిన యుక్తి ఇది. ఒక్క రైతు తన మడిలో ఎలుకను చంపిన లాభము లేదు. పక్క మడి నుండి మరల వచ్చును. అందరును ఒకే రోజున పూనుకొన్నప్పుడే ఫలితము.

పశువులకు పరిమితి

మేత బీడు ఒక్కటే. దానిపై ఎవరిష్టము వచ్చినన్ని పశువులను వారు తోలినచో కొన్ని యేండ్లకే గడ్డి వేళ్ళతో సహా పోవును. అందుచే ఒక్కొక్క కుటుంబము ఎన్ని ఆవులను, ఎన్ని గొర్రెలను ఉంచుకొనవచ్చునో దీవిలో నియమము కలదు. ఇందులో రెండు ఉద్దేశములున్నవి. ఒకటి, బీడు పాడుకాకుండుట. రెండవది, కలిగినవాడు మందను పెంచి బీడునంతయు తానే మేపుకొని, లేనివానిని వెనుకకు నెట్టకుండుట.

ఈ నియమమును అమలుపరచుట సులభమగుటకు కారణము, పశువుల లెక్క అందరి కంటి ఎదుట ఉండుటయే. ఊరిపనులను దీవి మండలి చర్చించును. ఇందులో ఎన్నికైనవారు ఎనిమిది మంది, నియమింపబడినవారు ముగ్గురు. ఎన్నికైనవారిలో ఒకరైనను స్త్రీ అయియుండవలెను.

డబ్బు వచ్చిన దారి

ఇరువదవ శతాబ్దపు మధ్య వరకు దీవిలో నాణెము చెలామణి దాదాపు లేదు. వస్తువుకు వస్తువు, పనికి పని. 1942లో రెండవ ప్రపంచయుద్ధ సందర్భమున బ్రిటిషు నౌకాదళము అక్కడ ఒక కేంద్రమును నెలకొల్పినప్పుడు మొదటిసారిగా జనులు కూలి డబ్బు చూచిరి. ఆనాటి అలవాటు ఎట్టిదో తెలుపు ఒక విశేషమున్నది. 1946లో దీవికొరకు నమూనాగా తయారైన ఒక తపాలా బిళ్ళపై ఒక పెన్నీ వెలతోపాటు నాలుగు బంగాళాదుంపలు అనియు ముద్రించిరి. దుంపయే వారి నాణెము!

1949లో రాతిరొయ్యలను డబ్బాలలో నింపు కర్మాగారము వచ్చెను. అచటి సముద్రములో దొరకు రాతిరొయ్యకు దూరదేశములలో మంచి ధర కలదు. నాటినుండి దీవికి డబ్బు తెచ్చు ముఖ్యవనరు ఇదియే. తపాలా బిళ్ళల అమ్మకము దానికి తోడు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. సముద్రము శాంతముగా నున్న పొడి దినము రొయ్యలవేటకు మంచిది. దుంప త్రవ్వుటకును అదే మంచిది. కర్మాగారమునకు మనిషి కావలెను, మడికిని అదే మనిషి కావలెను. దుంపను వదలి కూలినే నమ్ముకొనుట దీవివారు అంగీకరింపలేదు. కర్మాగారము రావచ్చును, పోవచ్చును. దుంప నేలలో ఉన్నంతకాలము కడుపు నిండును అనునది వారి లెక్క.

గంట మ్రోగిన రోజు

నేటి దీవిలో చాలమందికి ప్రభుత్వ శాఖలలో ఉద్యోగము కలదు. విద్యుచ్ఛక్తి, మరమ్మతులు, వ్యవసాయము, ఆసుపత్రి, పాఠశాల, దుకాణము, తపాలా కార్యాలయము మున్నగునవి వారి చేతనే నడచును. ఉద్యోగపు వేళ ముగిసిన పిమ్మట మిగిలిన పొద్దు మడికి, పశువులకు, ఇంటిపనికి.

తెల్లవారుజామున వాతావరణము అనుకూలమని తోచినప్పుడు ఊరిలో వ్రేలాడగట్టిన ఇనుప గంటను మ్రోగింతురు. నాడు వేటదినమని అర్థము. వడ్రంగియు, విద్యుత్ పనివాడును, ఇతర ఉద్యోగులలో పడవకు చెందినవారును తమ శాఖ పనిని వదలి సముద్రముపైకి పోవుదురు. ఇందుకు వారిని తప్పుపట్టరు. ఉద్యోగమునే ఆ విధముగా అమర్చిరి. చిన్న మోటారు పడవలో ఇద్దరు చొప్పున పోయి బోనులు, వలలు వేసి రొయ్యలను పట్టుదురు. సాయంత్రము పడవలు తిరిగి వచ్చునప్పటికి ఊరిలోని స్త్రీలు, మరికొందరు పురుషులు కర్మాగారమునకు చేరుదురు. వచ్చిన సరకును శుభ్రపరచి, ఘనీభవింపజేసి, పెట్టెలకెత్తు వరకు పని జరుగును. ఎంత పొద్దుపోయినను ఆపరు. రొయ్య నిలువ ఉండు సరకు కాదుగదా.

అనగా ఆ ఊరిలో పనివేళను గడియారము కాదు, గాలి నిర్ణయించును. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉద్యోగమని గిరిగీసినచో 250 మంది లేని ఊరిలో ఏ పనికిని చేతులు చాలవు. ఒక్కొక్కరు రెండు మూడు పనులు నేర్చి, ఏనాడు ఏ పని అవసరమో దానికి కదలుటచేతనే ఊరు నడచుచున్నది.

వేటకును హద్దులు కలవు. ఏడాదికి ఇంత అని కోటా ఉన్నది. నియమిత పరిమాణమునకు తక్కువైన రొయ్యను, గ్రుడ్లతో నున్న ఆడరొయ్యను తిరిగి నీటిలో విడువవలెను. మన ఆంధ్ర తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటను నిలుపుట వెనుక నున్న ఉద్దేశమును ఇదియే: తల్లిని బ్రతుకనిచ్చిన గాని రేపటి పంట లేదు. 2020లో ట్రిస్టన్ చుట్టునున్న సుమారు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రమును రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. అందు అధికభాగమున చేపలవేట నిషిద్ధము. దీవులకు దాపున మాత్రము రొయ్యలవేట సాగును.

పెద్ద పరీక్ష – 1961

1961 అక్టోబరులో ఊరి ప్రక్కనే భూమి పగిలి అగ్నిపర్వతము ప్రేలెను. జనులు ఇండ్లు వదలి ఆ రాత్రి దుంప పొలముల వద్ద తలదాచుకొనిరి. మరునాడు పడవలపై నైటింగేల్ దీవికి చేరి, అచటినుండి ఓడలలో కేప్ టౌనుకును, ఇంగ్లండుకును వెళ్ళిరి. కర్మాగారము, పడవలు దిగు రేవు లావాక్రింద పోయెను. ఇండ్లు చాలవరకు నిలిచెను.

ఇంగ్లండులో వారికి ఇండ్లు దొరకెను. నెలజీతపు కొలువులు దొరకెను. విద్యుద్దీపములు, అంగళ్ళు, ఆసుపత్రులు అందుబాటులో ఉండెను. అయినను జలుబు, శ్వాసరోగములు వారిని పీడించెను. అన్నిటికంటె, తమ పని తమ చేతిలో లేని జీవితము వారికి నచ్చలేదు. 1962 డిసెంబరులో ఓట్లు తీసికొనగా తిరిగి పోవుటకు 148 మంది, వలదని ఐదుగురు ఓటు వేసిరి. 1963లో ఎక్కువమంది తిరిగి వచ్చిరి. కొన్నాళ్ళకు వారిలో కొందరు, ముఖ్యముగా వయసువారు, మరల ఇంగ్లండుకు పోయిరి. ఈ రెండు సంగతులును నిజమే. ఒక తరమునకు ప్రాణప్రదమైన ఊరు వేరొక తరమునకు ఇరుకుగా తోచవచ్చును.

తిరిగి వచ్చినవారికి కర్మాగారము లేదు, రేవు లేదు. మళ్ళు మాత్రము ఉన్నవి. మొదట పార పట్టిరి. కొత్త రేవు 1967లో సిద్ధమయ్యెను. కర్మాగారము మరల వచ్చెను.

ఇటీవలి కష్టములు

2001 మే నెలలో పెనుగాలి వీచి ఇండ్ల కప్పులు లేచిపోయెను, పశువులు చచ్చెను. 2008 ఫిబ్రవరిలో కర్మాగారము కాలిపోయెను. కొత్తది కట్టువరకు రాబడి తగ్గెను. 2011 మార్చిలో సోయా చిక్కుడు గింజలతో పోవు పెద్ద ఓడ నైటింగేల్ దీవి వద్ద రాళ్ళకు కొట్టుకొని పగిలెను. చమురు చిమ్మి వేలకొలది పెంగ్విన్ పక్షులు తడిసెను. అక్కడి రొయ్యలవేటను కొంతకాలము నిలుపవలసి వచ్చెను. ఊరివారు పనులు ఆపి ఆ పక్షులను తెచ్చి కడిగి, మేపి, బ్రతికినవానిని విడిచిపెట్టిరి. ప్రతిసారియు డబ్బు తెచ్చు దారి మూసికొన్నప్పుడు దుంప, గొర్రె, చేప, పొరుగువాని సాయము ఇంటిని ఆదుకొనెను.

ఇంతకంటె పెద్ద చిక్కు నెమ్మదిగా వచ్చుచున్నది. ఒకప్పుడు 300 వరకు ఉండిన జనసంఖ్య తగ్గినది. వయసు మళ్ళినవారి పాలు పెరిగినది. దీవిలో పదునారేండ్ల వరకు చదువు కలదు. ఆ పైన చదువవలెనన్న సముద్రము దాటవలెను. వెళ్ళినవారందరు తిరిగి రారు. పడవ నడుపుటకు, దుంప త్రవ్వుటకు, ముసలివారిని చూచుకొనుటకు చేతులు తగ్గుచున్నవి. ఒక్కొక్కరు నాలుగు పనులు చేయు పద్ధతికి బలము మనుషులే. వారే తక్కువైనప్పుడు ఏ నియమమును ఊరిని నిలుపజాలదు. ఈ ప్రశ్నకు వారికిని ఇంకను పూర్తి జవాబు దొరకలేదు.

మనము గ్రహింపదగినవి

వారి పద్ధతిని ఉన్నదున్నట్లు మన ఊళ్ళకు తెచ్చుట సాధ్యము కాదు. అది వేయి మంది లేని ఊరు; ఒకరినొకరు పుట్టినది మొదలు ఎరుగుదురు. అయినను ఈ క్రింది సంగతులు ఆలోచింపదగినవి.

1. డబ్బు పంట వచ్చినను తిండి పంటను పూర్తిగా విడువరాదు. ధర పడినప్పుడు, మిల్లు మూతపడినప్పుడు పెరటి కూరయు, పాడియు, కొంత తిండిగింజయు ఇంటిని నిలుపును.

2. ఉమ్మడి బీడు, చెరువు, రేవు అందరివి గనుక వానికి హద్దు కావలెను. ఆ హద్దు అందరికి తెలిసినదై, అందరి ఎదుట లెక్కింపదగినదై యుండవలెను. కాగితముపై మాత్రమే ఉన్న హద్దు హద్దు కాదు.

3. ఎలుక, పురుగు, కలుపు వంటివి గట్టు చూచి ఆగవు. వానిపై పని ఊరంతయు ఒకేసారి చేయవలెను.

4. బదులు పని తగ్గిన ఊరిలో చిన్న రైతు కష్టము పెరుగును. యంత్రము వచ్చినను కోత, నాటు సమయములలో పొరుగుసాయమునకు చోటుండవలెను.

5. యువకులు ఊరిలో నిలుచుటకు వారికి తగిన పని, చదువు, గౌరవము కావలెను. మిగిలిన ఏర్పాట్లన్నియు దీనిపై ఆధారపడియున్నవి.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన ఊరి మేత బీడు ఇరువదేండ్ల క్రిందట ఎంత? నేడు ఎంత? తగ్గినచో ఎవరి చేతికి పోయినది?

మన ఊరిలో ఒక్క పంటపై, ఒక్క కొనుగోలుదారునిపై ఆధారపడిన కుటుంబములు ఎన్ని? ఆ పంట ఒక ఏడు పోయినచో వారు ఏమి తిందురు?

ఎలుకల నిర్మూలనకు ఊరంతటికి ఒక దినమును నిర్ణయించుకొన వీలగునా? ఏ పైరు, ఏ దశలో ఉన్నప్పుడు అది మేలు?

మన యువకులలో ఎందరు ఊరిని విడిచిరి? తిరిగి రావలెనన్న వారికి మనము ఏమి చూపగలము?

ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకములలో దొరకవు. ఊరి పెద్దలును, చిన్న రైతులును, స్త్రీలును, యువకులును కలిసి కూర్చున్నప్పుడే దొరకును. సముద్రము నడుమ నున్న ఆ కొద్దిమంది రెండు వందల యేండ్లుగా చేయుచున్న పని ఇదియే.